పట్టుచీర పక్కన రబ్బరు కోటు

పట్టుచీర ఎలా దాచుకోవాలో మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. పాత తెల్ల పంచెలో చుట్టి, మడతలు అప్పుడప్పుడు మార్చి, ఏడాదికోసారి నీడలో గాలికి ఆరవేసి, మళ్లీ పెట్టెలో పెడతారు. పరుపులకు ఎండ, ఉన్ని బట్టలకు కలరా ఉండలు, ఇత్తడి సామానుకు చింతపండు. ఏ వస్తువుకు ఏ మర్యాద చేయాలో తరతరాలుగా తెలిసిన ఇళ్లు మనవి. అయితే గత నూరేళ్లలో మన ఇళ్లలోకి వచ్చి చేరిన ఒక వస్తువుకు మాత్రం ఏ మర్యాద చేయాలో మనకు సరిగా తెలియదు. అది రబ్బరు బట్ట.

'రబ్బరు బట్టలు మేమెక్కడ వేసుకుంటాం?' అనకండి. ఒకసారి లెక్క తీయండి. రెయిన్‌కోటు, గంబూట్లు, అంట్లు తోమేటప్పుడు వేసుకునే చేతి తొడుగులు, పసిబిడ్డ కిందా మంచం పట్టిన పెద్దవాళ్ల కిందా పరిచే రబ్బరు షీటు, నరాలు ఉబ్బిన కాళ్లకు డాక్టరు రాసిచ్చే బిగుతు మేజోళ్లు, ఈత నేర్చుకునే మనవరాలి టోపీ, నిక్కర్ల నడుముకు కుట్టిన ఎలాస్టిక్. ఇవి కాక విదేశాల్లో అచ్చంగా రబ్బరుతోనే చేసిన, ఒంటికి రెండో చర్మంలా అతుక్కునే దుస్తులను నాటకాలకూ, సినిమాలకూ, వేడుకలకూ వాడుతున్నారు. వాటిని లేటెక్స్ దుస్తులంటారు. 1992లో వచ్చిన 'బ్యాట్‌మాన్ రిటర్న్స్' అనే ఇంగ్లీషు సినిమాలో పిల్లి వేషం కట్టిన మిషెల్ ఫైఫర్ వేసుకున్న నల్లటి దుస్తు ఆ రకానిదే.

నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. రబ్బరు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ మూడు చోట్ల తెలిశాయి. ఒకటి కేరళలో, రెండు బ్యాంకు రికార్డు రూములో, మూడు మా అమ్మ ట్రంకుపెట్టెలో.

ఉద్యోగరీత్యా మూడేళ్లు కొట్టాయం వైపు ఒక శాఖలో పనిచేశాను. 1947 నాటి చట్టం కింద ఏర్పడిన రబ్బరు బోర్డుకు ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. మా ఖాతాదారుల్లో చాలామంది రబ్బరు రైతులు. తోట చూడకుండా అప్పు ఇవ్వకూడదు గనుక తెల్లవారుజామునే తోటలకు వెళ్లేవాణ్ణి. చెట్టుకు గీత పెట్టేది ఆ వేళలోనే. ఎండ ఎక్కితే చెట్టు లోపలి ఒత్తిడి తగ్గి ధార మందగిస్తుంది. బెరడు మీద ఏటవాలుగా సన్నని గీత, దాని చివర కొబ్బరి చిప్ప, అందులోకి బొట్టు బొట్టుగా తెల్లటి పాలు. జిల్లేడు పాలు, మర్రి పాలు చూసిన మనకు అది వింతగా అనిపించదు. లేటెక్స్ అంటే ఇదే, రబ్బరు పాలు. అందులో రబ్బరు ఉండేది సుమారు మూడోవంతు. మిగిలినది చాలావరకు నీరే. కొద్దిగా ఫార్మిక్ ఆమ్లం కలిపితే పెరుగులా తోడుకుంటుంది. దాన్ని పలకలుగా నొక్కి పొగలో ఆరబెడతారు. తోడుకోకుండా ఉండాలంటే అమ్మోనియా కలుపుతారు. అలా నిలవచేసిన పాలలో అచ్చులు ముంచి తీసి చేతి తొడుగులు, బుడగలు తయారుచేస్తారు.

వానాకాలంలో గీత తడవకుండా చెట్టు నడుముకు ప్లాస్టిక్ పావడా కడతారు. మనకు వానకోటు ఇచ్చే చెట్టుకే ఒక వానకోటు! అది చూసి నేను నవ్వితే ఒక ముసలి రైతు, "ఇది పాలు సార్. పాలకు ఎంత జాగ్రత్త కావాలో దీనికీ అంతే" అన్నాడు. ఆ మాట అప్పుడు వినేసి ఊరుకున్నాను గానీ, తరువాత చాలాసార్లు గుర్తుకొచ్చింది.

నిజానికి రబ్బరు బట్ట చరిత్ర అంతా ఈ జాగ్రత్తల చరిత్రే. 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ తారు నుంచి తీసిన నాఫ్తా అనే ద్రవంలో రబ్బరును కరిగించి, రెండు బట్టల నడుమ పూతగా పూసి, నీరు చొరని గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. కోట్లయితే వచ్చాయి గానీ ఎండాకాలంలో జిగురుగా, చలికాలంలో అట్టలా తయారయ్యేవి. ఉన్ని బట్టలో సహజంగా ఉండే నూనె కూడా రబ్బరును తినేసేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకూ చలికీ తట్టుకుంటుందని కనుగొన్నాడు. రబ్బరు అంటే చిక్కుపడిన పొడవాటి దారాల ఉండ అనుకుంటే, గంధకం ఆ దారాల మధ్య అక్కడక్కడా ముడి వేస్తుంది. లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ పూర్వస్థితికి వస్తుంది.

1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70 వేల రబ్బరు గింజలను ఇంగ్లండుకు చేరవేశాడు. వాటిలో మొలకెత్తిన మొక్కలు సింహళానికీ, తక్కిన తూర్పు దేశాలకూ వ్యాపించాయి. 1890 ప్రాంతంలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు, మందు నీళ్లకు చేతులు పుండ్లు పడుతున్న ఒక నర్సు కోసం సన్నని రబ్బరు తొడుగులు చేయించాడు. ఆపరేషన్ థియేటరులోకి రబ్బరు తొడుగు వచ్చింది అలాగే. ఆ నర్సునే ఆయన పెళ్లాడాడు కూడా. మన దేశంలో 1920లో సురేంద్రమోహన్ బోస్ కలకత్తా కేంద్రంగా బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థను స్థాపించారు. మనవాళ్లు 'డక్‌బ్యాక్' కోటు అని పిలుచుకున్నది వాళ్ల సరుకునే.

గుడ్‌ఇయర్ వేసిన ముడి గట్టిదే అయినా శాశ్వతం కాదు. ఈ సంగతి నాకు తెలిసింది రికార్డు రూములో. పదేళ్ల నాటి వోచర్ల కట్టలు తీసి చూస్తే, నూలు దారంతో కట్టినవి కట్టినట్టే ఉంటాయి. రబ్బరు బ్యాండు వేసినవి మాత్రం రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్నింట్లో బ్యాండు గోధుమరంగు బంకగా మారి కాగితానికి అతుక్కుని ఉంటుంది. కొన్నింట్లో ముట్టుకుంటే చాలు, ఎండు పుల్లలా ముక్కలవుతుంది. గాలిలోని ప్రాణవాయువు దారాలను తెంపితే బంక అవుతుంది. కొత్త ముడులు ఎక్కువైతే పెళుసవుతుంది. ఎండ, వేడి ఈ పనిని తొందరపెడతాయి. గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోన్ అయితే లాగి ఉన్న చోట, మడత పడిన చోట పగుళ్లు తెస్తుంది. ఎవరూ వాడకుండా బీరువాలో ఊరికే పడి ఉన్నా ఈ అరుగుదల ఆగదు. మా లెక్కల భాషలో చెప్పాలంటే, రబ్బరు అనే ఆస్తికి తరుగుదల వాడకం వల్ల మాత్రమే కాదు, కాలం వల్ల కూడా వస్తుంది.

ఇక మూడో చోటు, మా అమ్మ పెట్టె.

మా ఊరు ధర్మపురి జిల్లాలో పాలక్కోడు వైపు మహేంద్రమంగళం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. నాయన వ్యవసాయం చేసేవారు. రాత్రివేళ వానలో టమోటా మళ్లలో నిలిచిన నీళ్లు గండి కొట్టి వదలాల్సి వస్తే వేసుకోవడానికి 1994లో ఒక నల్లటి రబ్బరు కోటు కొన్నారు. మోకాళ్ల కిందికి వచ్చేది. పొలం నుంచి రాగానే బావి దగ్గర దాని మీద రెండు చెంబుల నీళ్లు పోసి, బురద కడిగి, వసారాలో నీడన తగిలించేవారు. ఎవరన్నా ఎండలో వేస్తే ఊరుకునేవారు కాదు. పదిహేడేళ్లు అది ఆయన ఒంటి మీద వాన పడనివ్వలేదు. 2011లో నాయన పోయారు.

అమ్మ ఆ కోటును ఎవరికీ ఇవ్వనివ్వలేదు. తన ట్రంకుపెట్టెలో, పెళ్లినాటి కంచిపట్టు చీర మీద, నాలుగు మడతలు వేసి పెట్టింది. నాలుగు మూలలా కలరా ఉండలు వేసి తాళం వేసింది. ఒక వస్తువుకు ఆమె చేయగలిగిన పెద్ద మర్యాద అదే.

2019లో మా చెల్లెలి కూతురు లండన్ నుంచి వచ్చింది. అక్కడ నాటకాలకు దుస్తులు తయారుచేసే పనిశాలలో ఉద్యోగం. లేటెక్స్ దుస్తులు కడగడం, చిరిగితే అతుకు వేయడం, వాటిని దాచడం ఆమెకు రోజూ చేసే పని. అవ్వ పెళ్లిచీర చూస్తానని అడిగితే పెట్టె తెరిచాం. కోటు మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. చీర మీద కోటు ఆనిన మేరకు జరీ నల్లబడింది. జరీకి తగిలిన చోట కోటు గోధుమరంగుకు తిరిగి జిగురైంది.

"మామయ్యా, ఇవి రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకున్నాయి" అంది మేనకోడలు. కంచి జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, పైన సన్నని బంగారు పూత. అందులో రాగి కూడా కలుస్తుంది. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. రాగి రబ్బరును చెడగొడుతుంది. ఎండాకాలంలో పెట్టె లోపల వేడి సరేసరి. కలరా ఉండలు కూడా తారు నుంచి వచ్చినవే. వాటి ఆవిరి రబ్బరును మెత్తబరుస్తుంది. చీరను కాపాడాలని వేసిన ప్రతిదీ కోటుకు శత్రువైంది. కోటేమో చీరకు శత్రువైంది.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "గాలి తగిలితే ఆయన వాసన పోతుందని కదా పాపా, మూసి పెట్టినాను" అంది.

దానికి మా దగ్గర జవాబు లేదు. మేనకోడలు కోటును వసారాలోకి తీసుకుపోయి, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి మెల్లగా మడతలు విడదీసి కడిగింది. నీడలో ఆరబెట్టి, జిగురుగా ఉన్న చోట పౌడరు అద్దింది. తరువాత అవ్వ పక్కన కూర్చుని చెప్పింది: "జిగురైంది మళ్లీ బాగుపడదు అవ్వా. ఇంకా పాడు కాకుండా కొన్నాళ్లు ఆపొచ్చు, అంతే. పెట్టెలో ఉన్నా, ఒంటి మీద ఉన్నా దీని ఆయుష్షు కరుగుతానే ఉంటుంది."

అమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు, సేద్యం చూసుకునే మా తమ్ముణ్ణి పిలిచి, "రేయ్, వానొస్తే ఇది వేసుకొని పో" అంది. వాడు వెనకాడాడు. "మీ నాయన దీన్ని పెట్టెలో పెట్టుకోను కొన్నాడా?" అని అడిగింది.

తమ్ముడు మూడు వానాకాలాలు ఆ కోటు వేసుకున్నాడు. ఒకసారి భుజం దగ్గర చిరిగితే ఊళ్లో సైకిలు పంక్చరు వేసే అతనే అతుకు వేశాడు. నాలుగో ఏడు చంకల దగ్గర పగిలింది. ఇక అతుకు నిలవలేదు. అమ్మ కోటుకున్న బొత్తాలు కత్తిరించి తన వక్కల డబ్బాలో వేసుకుంది. ఇప్పుడు కోటు లేదు. చీర మీద నలుపు అలాగే ఉంది. జరీని రుద్దితే పూత పోతుందని మేనకోడలు చెప్పింది. చెప్పకపోయినా అమ్మ రుద్దనిచ్చేది కాదనుకుంటాను.

లెక్క ప్రకారం చూస్తే పెట్టెలో ఉన్నా ఆ కోటు విలువ చివరికి సున్నాయే. ఒంటి మీద ఉన్నా సున్నాయే. కాని పెట్టెలో ఎనిమిదేళ్లు ఎవరికీ ఉపయోగపడకుండా కరిగింది. ఒంటి మీద ఉన్న మూడు వానాకాలాలూ ఒక మనిషిని తడవకుండా కాపాడి కరిగింది. పట్టు, బంగారం దాస్తే నిలుస్తాయి. రబ్బరు అలా కాదు. దాన్ని బాగా చూసుకుంటూ వాడుకోవడమే దానికి మర్యాద.

ఇంతకీ బాగా చూసుకోవడమంటే ఏమిటి? మేనకోడలు చెప్పినవీ, నాయన చేయగా చూసినవీ కలిపి రాస్తున్నాను. లేటెక్స్ దుస్తుకైనా, రెయిన్‌కోటుకైనా, చేతి తొడుగుకైనా సూత్రాలు ఒకటే.

మొదటిది, నూనె తగలనివ్వకూడదు. కొబ్బరినూనె, ఆముదం, వాసెలిన్, ఒంటికి రాసుకునే క్రీములు ఏవైనా రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి బలహీనం చేస్తాయి. లేటెక్స్ దుస్తులు వేసుకునేవాళ్లు ఒంటికి పౌడరు రాసుకుని వేసుకుంటారు. మెరుపు కావాలంటే సిలికోన్ ద్రవం వాడతారు. అది రబ్బరును చెడగొట్టదు.

రెండోది, రాగి, ఇత్తడి, కంచు తగలకూడదు. లేత రంగు లేటెక్స్ మీద గోధుమరంగు మచ్చలు పడి మరి పోవు. నాణేలు లెక్కపెట్టిన చేతులతో కూడా ముట్టుకోవద్దని మేనకోడలు అన్నప్పుడు, జీవితమంతా బ్యాంకులో గడిపిన నేను లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. కోటు జేబులో చిల్లర మరిచిపోవడం అందుకే మంచిది కాదు.

మూడోది ఉతకడం. వాడిన రోజే చెమట, బురద పోయేలా గోరువెచ్చని నీళ్లతో, మెత్తని సబ్బుతో చేత్తోనే కడగాలి. వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, డ్రైక్లీనింగ్ పనికిరావు. డ్రైక్లీనింగులో వాడే ద్రవాలు రబ్బరును ఉబ్బిస్తాయి. దండెం మీద ఎండలో కాక నీడలో, ఒక పక్క ఆరాక తిరగేసి రెండో పక్క కూడా ఆరబెట్టాలి. లోపల తడి ఉంటే బూజు పడుతుంది.

నాలుగోది దాచడం. పూర్తిగా ఆరాక వాసన లేని పౌడరు పలుచగా అద్దాలి. అప్పుడు మడతలు అంటుకోవు. వెడల్పాటి చెక్క లేక ప్లాస్టిక్ హ్యాంగరుకు తగిలించి, చీకటిగా చల్లగా ఉన్న చోట పెట్టాలి. మడవక తప్పకపోతే వదులుగా మడిచి, నడుమ మామూలు తెల్ల కాగితం పెట్టి, మడతలు అప్పుడప్పుడు మార్చాలి. నల్లటి దాన్నీ లేత రంగు దాన్నీ కలిపి పెడితే రంగు అంటుతుంది. మిక్సీ మోటార్ల దగ్గర ఓజోన్ పుట్టే అవకాశం ఉంది గనుక వాటి పక్కన పెట్టకండి. కలరా ఉండలు వద్దు. వెండి సామాను, జరీ చీరలు పక్కన అసలే వద్దు.

అయిదోది, చిరిగితే పారేయకండి. సైకిలు ట్యూబుకు చేసినట్టే చేయాలి. శుభ్రంగా తుడిచి, రెండు వైపులా సొల్యూషను రాసి, తడి ఆరి వేలికి జిగురు మాత్రమే తగిలేదాకా ఆగి, అతుకు వేసి గట్టిగా అదమాలి. లండన్ పనిశాలలో చేసేదీ మహేంద్రమంగళం సైకిలు షాపులో చేసేదీ ఒకే పని అని తెలిసి మేనకోడలూ ఆ షాపతనూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

అమ్మకు ఇప్పుడు కాళ్ల నరాలు ఉబ్బి, డాక్టరు బిగుతు మేజోళ్లు రాసిచ్చారు. సాగే దారాల్లో రబ్బరు ఉన్న రకం. అమ్మకేమో రోజూ కాళ్లకు ఆముదం రాసుకోవాలి. అరవై ఏళ్ల అలవాటు మానమంటే మానదు. పట్టు సడలిన మేజోడు కాలికి ఉన్నా లేనట్టే. అందుకని ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి మేజోళ్లు తీసిన తరువాత ఆముదం. ఉదయం సున్నిపిండితో కాళ్లు రుద్ది కడిగి, తుడిచి, ఆరిన తరువాతే మేజోళ్లు. రెండు జతలు మార్చి మార్చి వాడుతున్నాం. కొన్న తేదీ మేజోడు అంచు మీద చెరగని సిరాతో రాశాను. మేజోళ్ల ఆయుష్షు వాటి డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ గడువు దాటాక చూడడానికి బాగానే ఉన్నా కొత్తవి కొనడమే.

ఇంకొక్క మాట. కొందరి ఒంటికి రబ్బరు పాలు పడవు. తొడుగులు వేసుకున్నప్పుడు దురద, దద్దుర్లు, తుమ్ములు వస్తే అలక్ష్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అలాంటి వారిలో కొందరికి అరటిపండు, బొప్పాయి కూడా పడవు. పౌడరు పూసిన వైద్య తొడుగుల నుంచి ఆ పౌడరుతోపాటు రబ్బరు పాల అంశ గాలిలోకి లేస్తుందని, ఇతర కారణాలతో కలిపి, అమెరికా ప్రభుత్వం 2017 జనవరి నుంచి వాటిని నిషేధించింది. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లకు సేవ చేసేవారు పౌడరు లేని తొడుగులు అడిగి కొనుక్కోవడం మంచిది. రబ్బరు పడనివారికి నైట్రైల్ తొడుగులు దొరుకుతాయి.

వానలు మొదలయ్యేలోగా ఒక ఆదివారం పూట మీ ఇంట్లో పెట్టెలు, బీరువాలు తెరవండి. ఏది దేని పక్కన ఉందో చూడండి. రబ్బరు కనిపిస్తే బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, విడిగా తగిలించండి. వాడుకునేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల చేతికివ్వండి. జ్ఞాపకంగా ఏదో ఒకటి దాచుకోవాలనిపిస్తే బొత్తాలు దాచుకోండి. అవి పట్టుచీరను నల్లబరచవు.